అచ్చియ్యమ్మ వంటపాక వెనక ఎలుగుబంటి

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద ఒక గెడ్డ. ఆ గెడ్డ ఒడ్డున ముప్పై గడపల ఊరు. ఊరి పేరు నేరేళ్ళగెడ్డ. గెడ్డంటే ఏంటని అడగబోతున్నావు, నాకు తెలుసు. కొండ మీంచి దిగే వాగుని అక్కడివాళ్ళు గెడ్డంటారు. ఇంక మధ్యలో అడక్కు. ముందా కాళ్ళు దుప్పట్లో పెట్టు.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ చెయ్యి ఎంత కమ్మనో, నోరు అంత గట్టి. వందమందికి వండినా ఉప్పు ఒక్క పలుకు ఎక్కువయ్యేది కాదు, తక్కువయ్యేది కాదు. కానీ వండుతున్నప్పుడు ఎవరైనా దగ్గరికొచ్చి మూత తీసి చూశారా, ఆ గరిటె అలాగే పైకి లేచేది. ఆవిడ మొగుడు గవరయ్య కూడా గుమ్మం బయటే నిలబడి, "అన్నం అయిందేటే?" అని అడిగేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

ఆ కొండ నిండా ఎలుగుబంట్లు. భయపడకు. వాటి సంగతి ఊరివాళ్ళకి తెలుసు, ఊరివాళ్ళ సంగతి వాటికి తెలుసు. చీకటితోనే ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఇప్పపూలు ఏరుకోడానికి వెళ్ళేవారు. ఎండెక్కేసరికి ఇళ్ళకి వచ్చేసేవారు. ఆ తర్వాత, పొద్దు కాస్త వాలుతుందనగా ఎలుగులు రాళ్ళ సందుల్లోంచి దిగేవి. మిగిలిన పూలు తినేవి. చెదల పుట్ట తవ్వి, కన్నంలో మూతి పెట్టి, చెదపురుగుల్ని ఫుర్రుఫుర్రుమని పీల్చేవి. ఆ చప్పుడు ఊళ్ళోకి వినబడేది. "ఎలుగులు దిగాయర్రా, ఇటు రాకండి" అని పిల్లల్ని కేకేసేవారు. అంతే. వాటి వేళ వాటిది, వీళ్ళ వేళ వీళ్ళది.

ఆ ఊరికీ, కొండకీ ఒక దొర ఉండేవాడు. దూరంగా కోటలో ఉండేవాడు. ఆయన చావడిలో నేల మీద ఒక ఎలుగు తోలు పరిచి ఉండేది. వాళ్ళ నాన్న ఎప్పుడో కొట్టి తెచ్చిన ఎలుగు. ఒక రోజు దొరగారి బావమరిది చుట్టం చూపుగా వచ్చి, ఆ తోలు మీద కాలు పెట్టాడు. కాలు కిందికి దిగిపోయింది. తోలుకి చెదలు పట్టేశాయి.

"ఏం బావా, చెదల్ని తినే ఎలుగునే చెదలు తినేశాయే!" అని బావమరిది పడీపడీ నవ్వాడు.

దొరకి తల కొట్టేసినట్టయింది. "జ్యేష్ఠమాసంలో మళ్ళీ వస్తావుగా, అప్పటికి కొత్త తోలు ఉంటుంది. నా చేత్తో నేను కొట్టింది" అనేశాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక పావురాన్ని కూడా కొట్టలేదు. ఈ తోలు సంగతి కోట నౌకర్ల నోట ఊళ్ళోకీ పాకింది.

చూశావా? ఆయన ఒక్క మాట అన్నాడు, నలభై మంది నడుములు విరిగాయి. ఎందుకంటే దొర వేటకొస్తే ఊరంతా వెట్టి చెయ్యాలి. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరీ. మొగాళ్ళు డప్పులు కొట్టుకుంటూ కొండంతా తిరిగి జంతువుల్ని తరమాలి. ఆడవాళ్ళు నీళ్ళు మొయ్యాలి, కట్టెలు మొయ్యాలి. అందరికీ వండి పెట్టాల్సింది మాత్రం అచ్చియ్యమ్మ.

ఫాల్గుణంలో దొర మొదటిసారి వచ్చాడు. గెడ్డ పక్కన డేరాలు వేశారు. తుపాకులు, వేటకుక్కలు, మడత కుర్చీలు. దొర కుర్చీలో కూర్చుని ఊరందరినీ పిలిచి, "ఎలుగుని నా తుపాకీ ముందుకి ఎవరు తరిమి తెస్తారో, వాళ్ళింట్లో ఈ తరానికి వెట్టి ఉండదు" అన్నాడు.

గవరయ్య కళ్ళు మెరిశాయి. అచ్చియ్యమ్మకీ మనసులో గట్టిగానే తగిలింది. పదేళ్ళ పిల్లప్పటి నుంచీ ఆవిడ కోటవాళ్ళ పొయ్యిలు ఊదుతోంది మరి. కానీ ఆవిడకి ముందు చూసుకోవాల్సినవి కుక్కలు.

"బాబూ, తమ కుక్కలు నా అన్నం గుండిగల దగ్గరికి వస్తే నేను వండను. నా వంటపాక ఆ చివర వేయించండి. నేను పిలిచేదాకా మనుషులు కూడా అటు రావద్దు" అంది.

దొర మనుషులు ఆవిడ నోటికి జడిసి సరే అన్నారు. డేరాలకి దూరంగా, గెడ్డ వంపు దగ్గర తాటాకు పాక వేశారు. పాక వెనక ఒక పెద్ద బండ. బండ వెనక వెదురు పొద. కుక్కల్ని ఈ చివర కట్టేశారు, అచ్చియ్యమ్మ ఆ చివర. వంట చేసేవాళ్ళున్నారని అటు ఎవరూ తుపాకీ ఎత్తేవారు కాదు. గరిటె లేస్తుందని అటు ఎవరూ తొంగి చూసేవారు కాదు.

అప్పుడు వేట మొదలైంది. మూడు రోజులు డప్పులే డప్పులు. కొండ దద్దరిల్లిపోయింది. పెద్ద మగ ఎలుగు ఒకటి రాళ్ళలోంచి లేచి, ఆవలి కొండకేసి ఒకటే పరుగు. దొర కాల్చాడు. చెట్టు కొమ్మ విరిగి గవరయ్య మీద పడింది. ఇంకోసారి కాల్చాడు. రాయి పగిలింది. మూడోసారి కాల్చేసరికి కొండ మీద నక్క కూడా మిగల్లేదు.

ఆ మూడు రోజులూ అచ్చియ్యమ్మకి పాక వెనకనుంచి ఏదో సన్నగా 'గుంయ్' మని వినబడుతూనే ఉంది. తేనెపట్టేమో అనుకుంది. నలభై మంది అన్నం పొయ్యి మీద ఉంటే తేనెపట్టు సంగతి ఎవరికి కావాలి? డేరాలు ఎత్తేశారు. ఆ చప్పుడూ పోయింది.

దొర వెళ్ళిపోయాడు కదా, పీడ వదిలిందనుకున్నారు ఊళ్ళో. ఎక్కడ వదిలింది!

ఆ రోజునుంచి ఎలుగులు పగలు కనబడ్డం మానేశాయి. పొద్దు వాలినా దిగేవి కావు. చెదల పుట్టల దగ్గర ఫుర్రుఫుర్రు లేదు. "భయపడి పారిపోయాయి, పీడ పోయింది" అన్నాడు గవరయ్య. ఎక్కడికీ పోలేదు. పగలంతా రాళ్ళ లోపలే బిక్కుబిక్కుమంటూ దాక్కుని, కటిక చీకటి పడ్డాక దిగేవి. చిటుక్కుమంటే చాలు, తింటున్నది వదిలేసి పరిగెత్తేవి. కడుపు నిండక తెల్లారేదాకా చెట్ల కిందే తిరిగేవి. మరి ఆడవాళ్ళు ఇప్పపూలకి వెళ్ళేదెప్పుడు? చీకటితోనే కదా!

అచ్చియ్యమ్మ పక్కింటి మంగులమ్మ అలాగే ఒకనాడు బుట్ట పట్టుకుని వెళ్ళింది. వంగి పూలు ఏరుతోంది. అవతలివైపు ఎలుగు వంగి పూలు తింటోంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

ఎలుగు గావుకేక పెట్టి లేచి నిలబడింది. ఒక్క దెబ్బ కొట్టి పారిపోయింది. మంగులమ్మ కుడిచెయ్యి మోచేతి దగ్గర చీరుకుపోయి, ఎముక విరిగింది. ఊరివాళ్ళు మంచం మీద మోసుకొచ్చారు. ఆకు పసరు పోసి కట్టు కట్టారు. ప్రాణానికేం కాలేదు కానీ ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపలేకపోయింది.

అచ్చియ్యమ్మ ఆవిడకి గంజి తాగిస్తూ, ఒళ్ళు మండిపోయి తిట్టింది. ఎలుగుని కాదు. "పొద్దున్నపూట మనది, సాయంత్రంపూట వాటిది. మా తాతల నాటినుంచి అంతే. మూడు రోజులు డప్పు కొట్టి రెండింటినీ కలిపేసి పోయాడు, మారాజు! ఆ చెదల తోలు మీద ఈసారి తనే కాలేసి అడ్డంగా పడా!" అంది.

నువ్వు అలాంటి మాటలు అనకూడదు. అచ్చియ్యమ్మ పెద్దావిడ కాబట్టి అంది.

ఆ తర్వాత చైత్రంలో దొర రెండోసారి వచ్చాడు. ఎలుగులు రాత్రిపూట దిగుతున్నాయని ఎవరో చెప్పారు. ఇప్పచెట్టు మీద మంచె కట్టించి, రాత్రిళ్ళు దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా? చుట్ట కాల్చాడు. దోమలు కుడుతున్నాయని దుప్పటి దులిపాడు. మొదటి రాత్రి దగ్గాడు, రెండో రాత్రి తుమ్మాడు, మూడో రాత్రి గురక పెట్టాడు. ఎలుగు ముక్కు అంటే ఏమనుకున్నావు? రెండు మూరల లోతు మట్టి కింద ఉన్న చెదపురుగుని వాసన పట్టే ముక్కు. దొర చుట్ట వాసన దానికి అందదా? ఒక్కటీ రాలేదు. రాలిన పూలు రాలినట్టే కుళ్ళిపోయాయి.

పగలేమో మళ్ళీ డప్పులు. గవరయ్య అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. రెండో రోజు మధ్యాహ్నం అచ్చియ్యమ్మ గంజి వార్చి, గంజి కుండ పక్కన పెడదామని పాక వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఆ 'గుంయ్' చప్పుడు. ఈ తేనెపట్టు సంగతేంటో చూద్దామని బండ పక్కనుంచి తొంగి చూసింది.

వెదురు పొద నీడలో తల్లి ఎలుగు పడుకుని ఉంది. దాని పొట్ట దగ్గర రెండు పిల్లలు, నల్లటి బొచ్చు ముద్దలు, పాలు తాగుతూ గుంయ్ మంటున్నాయి. ఎలుగు పిల్లలు పాలు తాగేటప్పుడు అలాగే కూనిరాగం తీస్తాయి.

అచ్చియ్యమ్మ చేతిలో కుండ అలాగే ఉండిపోయింది. తల్లి ఎలుగు తలెత్తి చూసింది. లేవలేదు. అరవలేదు. దాని డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. కొండ మీద డప్పు మోగినప్పుడల్లా ఒళ్ళంతా జలదరించేది. డప్పు ఆగితే కాస్త కుదుటపడేది.

అచ్చియ్యమ్మ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ పాకలోకి వచ్చి, ముక్కాలి పీట మీద కూలబడింది. ముందు భయం వేసింది. ఆ తర్వాత మంగులమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

"నలభై మంది మొగాళ్ళు కొండ మీద గొంతులు చించుకుంటుంటే, ఇది వచ్చి నా పాక వెనక పడుకుంటుందా? నేనేటి, దీనికి పురుడు పొయ్యడానికి వచ్చానా? నాకున్న చాకిరీ చాలదా?" అని తనలో తను గొణుక్కుంది. పెద్దగా అనలేదు. అదే వింత. ఆవిడ జన్మలో గొణగడం అదే మొదలు.

తిండి వాసనకి వచ్చిందేమో అనుకుంది. పనసతొక్కలూ మెతుకులూ అన్నీ గోతిలో పూడ్చి, పైన రాళ్ళు పెట్టింది. మర్నాడు కూడా డప్పు మోగగానే ఎలుగు వచ్చింది. గోతికేసి చూడను కూడా లేదు. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని, గెడ్డ నీళ్ళలో నడిచి వచ్చి, అదే వెదురు నీడలో పడుకుంది. సాయంత్రం డప్పులు ఆగగానే వెళ్ళిపోయింది.

అప్పుడు అచ్చియ్యమ్మకి అర్థమైంది. ఆ కొండ మొత్తం మీద కుక్క రాని చోటు అదొక్కటే. తుపాకీ తిరగని చోటు అదొక్కటే. పిల్లల్ని చంపే పెద్ద మగ ఎలుగులు కూడా మనిషి వాసనకి జడిసి అటు రావు. ఆ తల్లి కొండంతా వెతికి వెతికి, గరిటె పట్టుకున్న ఒక గయ్యాళి మనిషి వెనకాల చోటు చూసుకుంది.

ఆ సాయంత్రం గవరయ్య చేతులకి వెన్న రాసుకుంటూ, "ఒక్క ఎలుగు దొరికితే చాలే, నువ్వు ఇంక ఈ పొయ్యిలు ఊదక్కర్లేదు" అన్నాడు. ఒక్క మాట చెబితే చాలు. అచ్చియ్యమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. "చేతులు కడుక్కుని తగలడు, అన్నం చల్లారిపోతోంది" అంది, అంతే.

డేరాలు ఎత్తేశాక ఎలుగు మళ్ళీ పాక దగ్గరికి రాలేదు. కానీ ఊరికి రెండో కష్టం మొదలైంది. ఇప్పచెట్ల కిందికి దిగడానికి జడిసి, మిగతా ఎలుగులు ఊరవతలి పొలాల మీద పడ్డాయి. చేమదుంపలు తవ్వేశాయి. పసుపు మడి తొక్కేశాయి. తొక్కింది ఎక్కువ, తిన్నది తక్కువ. ఏదైనా స్థిమితంగా తింటే కదా!

అచ్చియ్యమ్మకి పాక వెనక ఎలుగు సంగతి కడుపులో దాచుకోవడం కష్టమైపోయింది. ఒక మధ్యాహ్నం మంగులమ్మకి తల దువ్వుతూ చెప్పేసింది. చెప్పి, "నీ చెయ్యి ఇలా అయింది. నువ్వు చెప్పమంటే రేపే వెళ్ళి దొరకి చెప్పేస్తాను" అంది.

మంగులమ్మ విరిగిన చేతిని ఎడమచేత్తో ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "నన్ను కొట్టింది ఇదో ఇంకోటో, ఆ ఎలుగు మీద కోపం లేదని అబద్ధం చెప్పనే, అచ్చీ. రాత్రిళ్ళు చెయ్యి సలిపినప్పుడల్లా తిట్టుకుంటాను. కానీ ఆ రోజు దాని మొహం నేను దగ్గరగా చూశాను. నాకంటే అదే ఎక్కువ జడిసిపోయింది. నాకైతే ఇల్లుంది, పరిగెత్తుకొచ్చాను. దానికెక్కడుంది?" అంది. ఆగి, మళ్ళీ, "ఆ జడ గట్టిగా లాగకు. నా చెయ్యి విరిగింది కానీ నా తల విరగలేదు" అంది.

ఇంక ఆ మాట ఇద్దరి మధ్యనే ఉండిపోయింది.

నిద్దరొస్తోందా? రాలేదా? నాకొస్తోంది. సరే, విను.

జ్యేష్ఠం వచ్చింది. బావమరిది ఇంకో వారంలో వస్తాడనగా దొర మూడోసారి వచ్చాడు. ఈసారి మూడూళ్ళ మొగాళ్ళని తెచ్చాడు. కొండకి నాలుగు వైపులా డప్పులు పెట్టించాడు. ఎండ మాడిపోతోంది. తాగడానికి గెడ్డలో నీళ్ళు కూడా పాయలా సన్నబడ్డాయి. అచ్చియ్యమ్మ ఈసారి నూటపాతిక మందికి వండాలి. వెనక వెదురు పొదలో ఎలుగు, ముందు మూడు పొయ్యిల మంట, మధ్యలో ఆవిడ.

రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడో రోజు మధ్యాహ్నం దొరకి ఆకలేసింది, ఒళ్ళు కాలింది. మనుషులందరినీ కొండ మీదే వదిలేసి, తుపాకీ భుజాన వేసుకుని, ఒక్కడే తిన్నగా వంటపాకకి వచ్చాడు.

అచ్చియ్యమ్మ ఎదురెళ్ళి నిలబడింది. "బాబూ, తమరు డేరాలో కూర్చోండి. ఆకు అక్కడికే పంపిస్తాను" అంది.

"డేరా పొయ్యిలా ఉంది. ఇక్కడే పెట్టు" అన్నాడు దొర. పాక ముందర పొగ. అందుకని తుపాకీని ముందు గుంజకి ఆనించి, వెనకవైపు నీడలోకి వెళ్ళి, బండకి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. వద్దంటే అనుమానం. రమ్మంటే ప్రమాదం. అచ్చియ్యమ్మ పళ్ళు కొరుక్కుంటూ ఆకు వేసింది, అన్నం పెట్టింది, చారు పోసింది.

దొర మొదటి ముద్ద కలిపి నోటి దాకా ఎత్తాడు. అప్పుడు బండ పక్కనుంచి ఒక ఎలుగుపిల్ల దొర్లుకుంటూ బయటికి వచ్చింది. దొరకి నాలుగు అడుగుల దూరంలో ఆగి, ముక్కు ఎత్తి వాసన చూసింది.

దాని వెనకే తల్లి వచ్చింది. వచ్చి, దొరని చూసి, రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. గోళ్ళు చూస్తే కొడవళ్ళలా ఉన్నాయి. రెండో పిల్ల దాని కాళ్ళ మధ్యనుంచి తొంగి చూసింది.

దొర చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముద్ద జారి పంచె మీద పడింది. తుపాకీ పాక అవతలి గుంజ దగ్గర ఉంది.

అచ్చియ్యమ్మకి అరుపు నోటిదాకా వచ్చింది. కానీ ఇక్కడ తను అరిస్తే ఎలుగు మీద పడుతుందని తెలుసు. దొర లేస్తే అంతకంటే ముందు పడుతుంది. ఆవిడ ఎన్నడూ లేనంత మెల్లగా, "బాబూ, కదలకండి. దాని కళ్ళలోకి చూడకండి. ఆకు కేసి చూడండి" అంది. తను గరిటె కింద పెట్టి, చేతులు రెండూ కిందికి వేలాడేసి, అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకి జరిగింది. ఎలుగుకి దారి వదిలింది.

"వెళ్ళు తల్లీ. పిల్లని పిలుచుకుని వెళ్ళు. నిన్నెవరూ ఏమీ అనరు" అంది.

ఎలుగు ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది. నాలుగు కాళ్ళ మీదికి దిగింది. గొంతులో ఏదో చిన్న చప్పుడు చేసింది. రెండు పిల్లలూ గబగబా వచ్చి, బొచ్చు పట్టుకుని వీపు మీదికి ఎక్కాయి. తల్లి వెనక్కి తిరిగి గెడ్డ వెంబడి నడిచింది. పరిగెత్తలేదు.

అది ఇరవై అడుగులు వెళ్ళాక దొర లేచాడు. పాక చుట్టూ పరిగెత్తి తుపాకీ తెచ్చాడు. గురి పెట్టాడు. ఎదురుగా ఎలుగు వీపు, వీపు మీద రెండు పిల్లలు. ఒక పిల్ల వెనక్కి తిరిగి ఇటే చూస్తోంది.

అచ్చియ్యమ్మ అడ్డం వెళ్ళలేదు. ఆవిడకి ఇంక ఓపిక లేదు. "కొట్టండి. మూడు ప్రాణాలు ఒక్క గుండుకి. మీ బావమరిది వస్తే అలాగే చెప్పుకోండి, చారు తాగుతూ కూర్చుంటే అదే వచ్చింది, పోతుంటే వెనకనుంచి కొట్టానని" అంది.

దొర కాల్చలేదు. గురి కుదరలేదో, మనసు కుదరలేదో, ఆ సంగతి ఆయనకే తెలియాలి. ఎలుగు గెడ్డ వంపు తిరిగి కనబడకుండా పోయింది. దొర తుపాకీ దించి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

కాసేపటికి, "ఇది ఇక్కడుందని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"మరి చెప్పలేదేం? నీ ఇంటికి వెట్టి పోయేది కదా?"

అప్పుడు అచ్చియ్యమ్మకి ఇన్నాళ్ళూ అణుచుకున్నదంతా పొంగుకొచ్చింది. "చూడండి బాబూ. ఫాల్గుణంలో వచ్చారు, పగటి ఎలుగుల్ని రాత్రి ఎలుగుల్ని చేశారు. మా మంగులమ్మ చెయ్యి పోయింది. చైత్రంలో వచ్చారు, కొండ మీద వాటిని పొలాల్లోకి దింపారు. మా చేమదుంపలు పోయాయి. ఇప్పుడొచ్చి నా వంటపాకలోకి తెచ్చారు. ఇంకొక్కసారి వచ్చారంటే అది వచ్చి నా పక్కలో పడుకుంటుంది! మీరు ఎంత తరిమితే అది అంత మా మీదికి వస్తోంది. ఈ మాత్రం మీకు తెలీడం లేదా?"

దొర తుపాకీని పక్కకి పెట్టాడు.

అచ్చియ్యమ్మ గొంతు కాస్త తగ్గింది. "ఎందుకు చెప్పలేదంటారా? నా నోటికి జడిసి ఇటు ఎవరూ రారని ఆ తల్లి కనిపెట్టింది. నలభై ఏళ్ళుగా అందరూ నా నోరు మంచిది కాదన్నవాళ్ళే. దానికి ఒక్కదానికే పనికొచ్చింది. అలాంటిదాన్ని ఎలా అప్పచెప్పమంటారు?" అంది. అని, కళ్ళు పైటతో తుడుచుకుని, "పొగ" అంది. "చారు చల్లారిపోయింది. వేరే ఆకు వేస్తాను, లేవండి."

దొర అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు పంచె మీద చారు మరక చూసుకుని, "జరిగింది ఎవరితోనూ అనకు" అన్నాడు.

"నాకేం పని? నూటపాతిక మంది అంట్లున్నాయి" అంది అచ్చియ్యమ్మ.

ఆ సాయంత్రమే డప్పులు ఆపేశారు. మర్నాడు డేరాలు ఎత్తేశారు. దొరకి ఎండ దెబ్బ తగిలిందని ఊళ్ళో చెప్పుకున్నారు. బావమరిది వచ్చేసరికి చావడిలో తివాచీ పరిచి ఉందట. ఎలుగు తోలు ఏదని ఆయన అడిగితే, దొర "భోంచేద్దాం రా" అన్నాడట.

డేరాలు ఎత్తేసిన రోజే వంటపాక విప్పుతూ గవరయ్య వెదురు పొదలోకి వెళ్ళాడు. నేలంతా ఎలుగు బొచ్చు, పెద్ద అడుగులు, చిన్న అడుగులు. కాసేపు వాటికేసి, కాసేపు తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"ఓసే! ఇది ఇక్కడే ఉందేటే?"

"ఉంది."

"నేను అక్కడ కొండ చుట్టూ తిరిగి చచ్చాను కదే! ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వెప్పుడైనా ఇటు వచ్చి చూశావా? అన్నం అయిందా అని అడగడం తప్ప ఇంకేమైనా అడిగావా?" అంది అచ్చియ్యమ్మ. గవరయ్యకి మూడు రోజులు కోపం. నాలుగో రోజు పనసకాయ కూర చేసింది. కోపం పోయింది.

మరుసటేడు వేట కబురు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వెట్టి అంతా పోయిందని చెప్పను. కట్టెల వెట్టి ఉంది, పల్లకీ వెట్టి ఉంది. అవి పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. వేట వెట్టి మాత్రం పోయింది.

మరి ఎలుగులు వెంటనే మారిపోయాయా? వాటికెవరు చెబుతారు, దొర ఇంక రాడని? మొదటి ఏడంతా రాత్రే తిరిగాయి. ఊరివాళ్ళు విసుక్కుంటూనే సర్దుకున్నారు. ఆడవాళ్ళు ఎండెక్కాకే ఇప్పపూలకి వెళ్ళారు, పూలు వాడిపోయినా సరే. రెండో ఏడు పొలాల్లోకి రావడం తగ్గింది. మూడో ఏడు, చైత్రంలో, ఒక రోజు పొద్దు వాలుతుందనగా మంగులమ్మ తన అరుగు మీదినుంచి, "అచ్చీ, బేగి రా!" అని కేకేసింది.

అచ్చియ్యమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కొండ వాలులో, వాలుటెండలో, ఒక ఎలుగు చెదల పుట్ట తవ్వుతోంది. దాని వెనక ఇంచుమించు దానంతే ఉన్నవి ఇంకో రెండు. వీపెక్కే వయసు ఎప్పుడో దాటినా తల్లిని వదల్లేదు. మామూలుగా అయితే ఈపాటికి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి. ఆ భయం రోజుల్లో పెరిగినవి కదా, తల్లే వాటిని ఇంకా వెంట ఉంచుకుంది. మూడూ మూతులు పెట్టి ఫుర్రుఫుర్రుమని పీలుస్తున్నాయి. ఎక్కడా తొందర లేదు.

అక్కాచెల్లెళ్ళలా ఆ ఇద్దరు ఆడవాళ్ళూ అరుగు మీద కూర్చుని చూశారు.

"మళ్ళీ నీ పొయ్యి దగ్గరికి ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగింది మంగులమ్మ.

"ఎక్కడ! గెడ్డ దాటి ఇటు ఒక్క అడుగు వెయ్యలేదు. చీరేస్తుందని తెలిసీ కడుపులో పెట్టుకుని కాచానా, పోతూ పోతూ ఒక్కసారైనా ఇటు తిరిగి చూసిందా? చూడు, చూడు, ఇప్పుడు కూడా! విశ్వాసం లేని ముండ!" అంది అచ్చియ్యమ్మ, గొంతు చించుకుని.

మంగులమ్మ నవ్వింది. "రానక్కర్లేకే రావడం లేదే" అంది.

"నాకు తెలీదేటి?" అని కసురుకుంది అచ్చియ్యమ్మ. కసురుకుని, ఎలుగులు కొండెక్కి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది. లోపల పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఆవిడ జన్మలో పప్పు మాడ్చడం అదే మొదలు, అదే ఆఖరు.

అదిగో, ఇప్పుడు మూస్తున్నావా కళ్ళు! ఇంత కథ చెప్పించి, నా గొంతు ఎండగొట్టి, ఇప్పుడు!

కథ చేరె కంచికి,
ఎలుగు చేరె మిట్టకి,
గిన్నెలన్నీ ఉట్టికి,
మనమిద్దరం పక్కకి.